మొగ దాటితే అంతర్వేది!

గోదావరి అంటే మన సినిమా వాళ్ళకి ఎంత ప్రేమో వేరే చెప్పాలా? 1964లో ఆదుర్తి సుబ్బారావు గారి ‘మూగ మనసులు’లో అక్కినేని పడవ నడిపితే ఆంధ్రదేశం అంతా ఆ పడవెక్కింది. 1973లో బాపు, రమణలు ‘అందాల రాముడు’ కోసం ఒక లాంచీ నిండా జనాన్ని ఎక్కించి భద్రాచలం దారి పట్టించారు. 2006లో శేఖర్ కమ్ముల ఏకంగా నది పేరే సినిమాకి పెట్టేసి మళ్ళీ అదే దారిన వెళ్ళారు.

అంతా బాగానే ఉంది. కానీ ఒక్క సంగతి గమనించారా? మన సినిమా లాంచీలకి ఎప్పుడూ ఎగువకే మోజు! పాపికొండల వైపు, పచ్చదనం వైపు, పాటలు పాడుకోవడానికి వీలున్న వైపు. దిగువకి, నది సముద్రంలో కలిసే చోటికి పోయే పడవ వెండితెర మీద అరుదు. అక్కడ కొండలుండవు. మడ అడవి, ఇసక తిప్పలు, ఉప్పు గాలి, ఆ పైన ఎంత చూసినా తరగని నీళ్ళు... అంతే!

ఆ ‘అంతే’లో ఏముందో చూద్దామని 2025 ఫిబ్రవరిలో ఒక కుటుంబంతో కలిసి, వాళ్ళ సొంత మోటారు పడవలో కాకినాడ నుంచి అంతర్వేది వెళ్ళాను. నీటి మీద నూరు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. బస్సెక్కితే ఒక పూటలో చేరిపోయే ఊరికి మేం పగలూ రాత్రీ ప్రయాణం చేశాం. ఎందుకంత కష్టం అంటారా? అసలు కథ అదే.

పడవా... పరివారమూ

కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరు ఒడ్డున కట్టి ఉంది ఆ పడవ. దాదాపు ముప్ఫై అడుగుల ఫైబరు పడవ. మధ్యలో డీజిలు ఇంజను. ముక్కుకి ఒక పక్క లక్ష్మీనరసింహస్వామి బొమ్మ, రెండో పక్క ఒక హీరో గారి బొమ్మ. ఏ హీరో అని మాత్రం అడక్కండి. చెబితే పాఠకుల్లో సగం మంది నా మీద అలుగుతారు!

ఇంటివాళ్ళు అయిదుగురు. ‘మా పేర్లు రాయకండి బాబూ’ అని ముందే మాట తీసుకున్నారు కనక వరసలతోనే సరిపెట్టుకుందాం. పడవ నడిపే ఇంటి యజమానికి యాభై దాటాయి. నేను బాబాయి అన్నాను. ఆయన భార్య పిన్ని. ఆయన తల్లి మామ్మ. ఇరవై రెండేళ్ళ కొడుకు, ఇంటర్ చదివే కూతురు. ఆ అమ్మాయి చేతిలో సెల్‌ఫోను, కుర్రాడి నోట్లో సినిమా పాట... ఈ రెండూ ప్రయాణం అంతా ఆగలేదు.

ఏటా భీష్మ ఏకాదశికి వీళ్ళు అంతర్వేది వెళతారు. బస్సులో కాదు, పడవలోనే. అది మామ్మ మొక్కు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని, కాకినాడ తీరాన్ని చావగొట్టిన తుపాను గురించి మీలో చాలామంది పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళ నుంచి వేటకి వెళ్ళిన మగవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. ఆ వేళ మామ్మకి ఇద్దరు కొడుకులు సముద్రం మీద ఉన్నారు. వేరువేరు పడవల్లో. పెద్దవాడు రాలేదు. పడవ కూడా దొరకలేదు. చిన్నవాడు మూడో నాడు ఒడ్డుకి చేరాడు. ఆ చిన్నవాడే మన బాబాయి.

“రెండోవోణ్ణైనా ఇచ్చావు కదా సామీ, నీ కల్యాణానికి ఏటా వోణ్ణి సంద్రం మీదే తీసుకొస్తాను అని మొక్కానండి” అంది మామ్మ. “బస్సులో ఎల్తే ఆయనకేం తెలుస్తాది, వోడు బతికున్నాడని?”

ఇలాంటి మొక్కు ఏ రచయితకైనా తడుతుందా చెప్పండి!

అయితే ఈసారి పడవలో ఇంకో సంగతి కూడా ఎక్కింది. కుర్రాడికి గుజరాత్‌లోని వేరావల్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి పెద్ద బోట్ల మీద పని. ఆగస్టులో సీజను మొదలయ్యేసరికి చేరాలి. మాట ఇస్తే అడ్వాన్సు చేతికొస్తుంది. పండగ అయిన వెంటనే అవునో కాదో చెప్పాలి. చేపల వేట అంతంత మాత్రం, డీజిలు ఖర్చు ఆకాశాన, ఇంజను మీద అప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. వాడు వెళ్ళిపోతే ఒంటి చేత్తో బాబాయి పడవ నడపలేడు. అమ్మెయ్యాలి. కొంటామని వచ్చినవాడు ఒకడున్నాడు కూడా. అంటే ఇదే ఆఖరి పడవ ప్రయాణం కావచ్చు. ఆ మాట ఎవరూ పైకి అనడం లేదు. అందరి మొహాల్లోనూ ఉంది.

సముద్రం కట్టిన గోడ

ఫిబ్రవరి 6, గురువారం. తెల్లవారుజామున నాలుగింటికి ఇంజను డుగ్గు డుగ్గుమంది. పిన్ని అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగిపోయాక ఈ ఇంట్లో అదొక నియమం అయింది. మామ్మ మాత్రం జాకెట్టు తొడుక్కోకుండా తలకింద పెట్టుకుంది. పిన్ని ఒప్పుకోలేదు. అత్తాకోడళ్ళ తగువులో ఆ ఒక్కసారి కోడలే నెగ్గింది!

ఉప్పుటేరు దాటి కాకినాడ అఖాతంలోకి వచ్చాం. వెనక రేవు దీపాలు, ముందు చీకటి. ఇంత పెద్ద నీరు చెరువులా నిద్రపోతోందేమిటని అడిగితే బాబాయి ఎడమ వైపు చెయ్యి చూపించాడు. తెల్లారుతుంటే కనిపించింది, సన్నటి ఇసక గీత. అదే హోప్ ఐలాండ్. పదహారు కిలోమీటర్ల పొడవున్న ఇసక దిబ్బ. ఎవరూ కట్టింది కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రునీ ఇసకనీ సముద్రం మళ్ళీ ఒడ్డు వైపు తోసి, సుమారు రెండు వందల ఏళ్ళలో పేర్చుకుంటూ వచ్చిన గోడ. ఉప్పెన వచ్చినా కెరటం వచ్చినా ముందు దాన్ని దాటి కాకినాడ మీద పడాలి.

కాకినాడకి ఉత్తరాన ఉప్పాడ ఉంది చూడండి, అక్కడ కథ తిరగబడింది. సముద్రం అక్కడ ఊరిని కొద్దికొద్దిగా కొరుక్కు తింటోంది. రోడ్డు వేస్తే రోడ్డు, ఇల్లు కడితే ఇల్లు. 2021లో వచ్చిన ‘ఉప్పెన’ మీరు చూసే ఉంటారు, ఆ సినిమా తీసింది ఈ తీరంలోనే. ఒక చోట గోడ కడుతుంది, కాస్త దూరంలో గోడలు కూలుస్తుంది. సముద్రానికి పక్షపాతం ఎక్కువ!

హోప్ ఐలాండ్ ఇసకలో జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. దూరంగా నీటి మీద తేలిన ఒక గుండ్రటి వీపుని చూసి మామ్మ దణ్ణం పెట్టింది. “కూర్మావతారం బాబూ. వలలో పడితే కోసి వదిలెయ్యాలి. వల పోయినా సరే” అంది. వల ఖరీదెంతో తెలిసినవాళ్ళకి ఆ మాట విలువ తెలుస్తుంది.

చెట్లు ఊపిరి పీల్చే చోటు

ఎండ ఎక్కేసరికి పడవ గాడేరులో ప్రవేశించింది. గోదావరిలో ఒక పాయ అయిన గౌతమికీ, కాకినాడ అఖాతానికీ మధ్య ఉన్న నీటిదారి ఇది. రెండు పక్కలా మడ అడవి. కోరంగి అభయారణ్యం అంటే ఇదే. 1978లో ఏర్పాటు చేశారు. 235 చదరపు కిలోమీటర్లు.

మడ చెట్టు వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి, మేకులు నాటినట్టు. ఉప్పు బురదలో గాలి ఆడదు కనక చెట్టు తన వేళ్ళని పైకి పంపి ఊపిరి పీలుస్తుంది. పోటు వస్తే మునుగుతాయి, పాటు తీస్తే బయటపడతాయి. కొంగలు, లకుముకి పిట్టలు, బురద మీద గెంతే చేపలు. రాత్రిళ్ళు బావురు పిల్లి వచ్చి చేపలు పడుతుందిట. చెల్లాయి సెల్‌ఫోను ఎంత తిప్పినా అది మాత్రం దర్శనం ఇవ్వలేదు.

“ఆ కొమ్మ పట్టుకోకన్నా!” అని కుర్రాడు కేకేశాడు నేను చెయ్యి చాపబోతే. తిల్ల చెట్టుట. దాని పాలు కంట్లో పడితే కళ్ళు మండి కనిపించకుండా పోతాయి. ఏ చెట్టు ఏమిటో, ఏ మలుపులో బురద ఎంతో, ఎక్కడ పీతలు దొరుకుతాయో వాడికి పాఠం అప్పజెప్పినట్టు వచ్చు. వేరావల్‌లో ఈ పాఠం ఎవరికి కావాలి?

ఈ అడవికి పేరిచ్చిన కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టిన ఊరు, బాగుచేసిన ఊరు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరినీ అక్కడ ‘కోరంగీలు’ అనేవారంటే ఆ పేరు ఎంత దూరం పోయిందో చూడండి. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకొకటి. ఆ రెండో దానితో రేవు వైభవం తుడిచిపెట్టుకు పోయింది. మొదటి ఉప్పెన సంగతి గ్రంథస్థం చేసిన వాళ్ళలో హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా ఇంగ్లీషు ఉద్యోగి ఒకరు. ‘సైక్లోన్’ అనే మాటని 1840లలో పుట్టించింది కూడా ఆయనే. ఈనాడు ప్రపంచం అంతా వాడే ఆ మాట వెనకాల మన కోరంగి కన్నీళ్ళు కూడా ఉన్నాయన్నమాట!

మొగ అంటే ఏమిటి?

పదకొండు గంటలకి భైరవపాలెం చేరాం. ఇక్కడ గౌతమి సముద్రంలో కలుస్తుంది. నది నోటిని ఈ ప్రాంతంలో ‘మొగ’ అంటారు. ఇక్కణ్ణుంచి సముద్రంలోకి దిగాలి.

“అయితే పదండి” అన్నాను. బాబాయి నవ్వి లంగరు వేశాడు. “మూడు దాటాక చూద్దాం బాబూ.”

విషయం ఏమిటంటే, నది తెచ్చిన ఇసక మొగ దగ్గర మేట వేస్తుంది. మేట మీద నీరు పల్చన. సముద్రం నుంచి వచ్చే కెరటం ఆ పల్చన చోట కాలు తట్టుకున్నట్టు తూలి విరిగిపడుతుంది. పాటు తీసేటప్పుడు నది నీరు బయటికి పరిగెడుతుంటే, కెరటం ఎదురొచ్చి ఢీకొట్టి నిలువుగా లేస్తుంది. అప్పుడు పడవ దించితే తిరగబడుతుంది. పోటు నిండే వేళ అయితే మేట మీద నీరు ఎక్కువ, కెరటానికి కోపం తక్కువ. అందుకని పోటు కోసం కాసుకుని కూర్చోవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, మేట ఒకచోట ఉండదు. ఏటా జరుగుతుంది. పోయిన ఏడు లోతున్న దారిలో ఈ ఏడు ఇసక ఉంటుంది. ఎగువన ఆనకట్టలు కట్టాక నది తెచ్చే ఒండ్రు తగ్గి, తీరం రూపమే మారుతోంది.

పులిహోర పొట్లాలు విప్పారు. స్వామి దర్శనం అయ్యేదాకా నీచు ముట్టకూడదని మామ్మ శాసనం. చేపల పడవలో చింతపండు పులిహోర! దాన్ని నంజుకోవడానికి ఆవకాయ. నిజం చెప్పాలంటే ఏ పెద్ద హోటల్లోనూ నాకు ఆ రుచి తగల్లేదు.

మూడున్నరకి మామ్మ పసుపు కుంకుమ నీళ్ళలో చల్లి గంగమ్మకి కొబ్బరికాయ కొట్టింది. బాబాయి లేచి నిలబడి చాలాసేపు చూశాడు. ఆయన చూపంతా నీటి రంగు మీద. తెల్లగా నురుగు లేచే చోట ఇసక. నల్లగా, బరువుగా కదిలే చోట లోతు. ఒడ్డున రెండు సరుగుడు తోపుల్ని ఒకే గీతలోకి తెచ్చుకుని, వెనక్కి చూసుకుంటూ ముందుకి నడిపించాడు. కుర్రాడి జేబులో జీపీఎస్ ఉన్న ఫోను ఉంది. “దాంట్లో పోయినేటి మొగ ఉంటాదిరా, నేటిది ఉండదు” అన్నాడు బాబాయి.

మొదటి కెరటం పడవ ముక్కుని పైకెత్తింది. రెండోది నా కడుపుని. మూడోది వచ్చేలోగా ఇంజను గట్టిగా అరిచింది, పడవ దాని మీంచి జారింది, అంతే... శబ్దం మారిపోయింది. చుట్టూ పొడుగాటి, నున్నటి అలలు. సముద్రం! పిన్ని వదలకుండా పట్టుకున్న కొడుకు చొక్కా అప్పుడు వదిలింది.

నీటి మీద రాత్రి

తీరం వెంట పడమటికి ఒరుగుతూ, ఒడ్డుకి దూరంగా మూడు గంటలు నడిచాం. కుడి పక్క కొబ్బరి తోటల గీత, దాని వెనకాల కోనసీమ. చీకటి పడే వేళకి ఓడలరేవు దగ్గరికొచ్చాం. ఇక్కడ వైనతేయ పాయ కలుస్తుంది. చీకట్లో మొగలోకి వెళ్ళకూడదు కనక కెరటాలు విరిగే గీతకి బయటే లంగరు వేసి పడుకోవడం. నవమి వెన్నెల. ఒక దిక్కున గ్యాసు, చమురు తీసే వాళ్ళ దీపాలు. సముద్రం మీద దీపావళి ఏమిటా అనుకుంటాం కొత్తవాళ్ళం.

కుర్రాడు మర్నాడు విడుదలయ్యే సినిమా గురించి మొదలెట్టాడు. ఫిబ్రవరి 7న ‘తండేల్’ వస్తోంది. నాగచైతన్య, సాయిపల్లవి. పడవకి నాయకుడైనవాణ్ణి తండేలు అంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళిన మత్స్యకారులు 2018 నవంబరులో సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో ఇంటికొచ్చారు. ఆ సంగతే సినిమా తీశారు. “రేపు మొదటాట మిస్సవుతున్నానన్నా. మా మామ్మ మొక్కు లేకపోతే కాకినాడలో పొద్దున్నే టిక్కెట్టు తెగ్గొట్టేవోణ్ణి.”

“ఆళ్ళు ఎక్కడి బోటు మీద ఎళ్ళారో అది కూడా సెప్పు అన్నయ్యకి” అంది పిన్ని చీకట్లోంచి.

ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళు పడవ పక్కని తడుతున్న చప్పుడు ఒక్కటే. కాసేపటికి కుర్రాడే అన్నాడు, “అమ్మా, అక్కడికెళ్ళినోళ్ళందరూ జైలుకెళ్ళరే. అప్పు తీరుద్ది. చెల్లి డిగ్రీ చదువుద్ది.” బాబాయి నిద్రపోతున్నట్టు అటు తిరిగి పడుకున్నాడు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. వెన్నెల్లో నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

అన్నాచెల్లెళ్ళ గట్టు

చంద్రుడు కుంగాక మళ్ళీ బయలుదేరి, తెల్లవారే వేళకి, పోటు పూర్తిగా దిగకముందే వశిష్ఠ మొగలో ప్రవేశించి అంతర్వేది పల్లిపాలెం చేరాం. చుట్టాల ఇంట్లో స్నానాలు, కాఫీలు.

గోదావరి పాయల్లో వశిష్ఠ సముద్రంలో కలిసేది ఇక్కడే. నది రంగు వేరు, సముద్రం రంగు వేరు. రెండూ పక్కపక్కనే నడుస్తూ తొందరగా కలవని చోటుని ఇక్కడివాళ్ళు అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఎంత ముద్దొచ్చే పేరు!

లక్ష్మీనరసింహస్వామి గుడి ఇప్పటి రూపానికి 1823లో వచ్చిందని చెబుతారు. కట్టించిన వాళ్ళలో ముఖ్యుడు కొపనాతి కృష్ణమ్మ. రాజు కాదు, జమీందారూ కాదు. ఓడలున్న వర్తకుడు, అగ్నికులక్షత్రియుడు, అంటే సముద్రాన్ని నమ్ముకున్న కులంవాడు. తుపానులో చిక్కిన తన ఓడలు క్షేమంగా వస్తే గుడి పూర్తి చేయిస్తానని మొక్కుకున్నాడని ఇక్కడ కథ. రెండు వందల ఏళ్ళ తరవాత మామ్మ మొక్కూ అదే కదా! ఓడ పెద్దదైతే గుడి, పడవ చిన్నదైతే కొబ్బరికాయ.

దశమి రాత్రి కల్యాణం. ఇసకేస్తే రాలని జనం. మామ్మ బాబాయి చెయ్యి పట్టుకుని ముందుకి తోసుకుపోయి, స్వామి కేసి చూస్తూ ఆ చెయ్యి పైకెత్తింది. ‘ఇడుగో, చూసుకో’ అన్నట్టు. యాభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా తలొంచుకుని నిలబడ్డాడు.

ఏకాదశి నాడు రథం. పాత రథం 2020 సెప్టెంబరులో ఒక రాత్రి కాలి బూడిదైంది. 2021 ఫిబ్రవరికల్లా కొత్తది తయారై వీధిలోకొచ్చింది. రథం మొదట లాగేది మొగల్తూరు రాజ వంశం వాళ్ళు. మొగల్తూరు అనగానే చెవులు నిక్కబొడుచుకున్నారు కదూ? కృష్ణంరాజు గారిదీ, చిరంజీవి గారిదీ ఆ ఊరే. వశిష్ఠకి అవతలి వైపు ఉంది.

సొంత పడవలో సినిమాకి!

శనివారం మధ్యాహ్నం రథం కదిలాక బాబాయి హఠాత్తుగా అన్నాడు, “నరసాపురం పోదాం. ఆ సినిమా ఏదో చూద్దాం.” కుర్రాడికి నమ్మకం కుదరలేదు. పిన్ని వద్దనలేదు.

పోటు ఎక్కుతోంది. పోటుతో పాటు పడవ నదిలో ఎదురెక్కింది. కారులో సినిమాకెళ్ళేవాళ్ళని చూశాం, ఎద్దుబండి కట్టుకుని వెళ్ళిన రోజుల గురించి విన్నాం. మామ్మతో సహా ఇంటిల్లిపాదీ సొంత మోటారు పడవలో ఫస్ట్‌షోకి వెళ్ళడం ఎక్కడైనా విన్నారా? నరసాపురం రేవులో పంటు పక్కన పడవ కట్టి, కాలవ రోడ్డు వెంట నడిచి హాలు చేరాం. హాలు నిండా పండగ జనం, ఈలలు.

సినిమా సంగతి మీకు తెలిసిందే. నేను ఆ రోజు తెర కన్నా పక్క వరసని ఎక్కువ చూశాను. సముద్రం వచ్చినప్పుడల్లా మామ్మ కళ్ళు మూసుకుంది. హీరోయిన్ వెళ్ళొద్దని బతిమాలే చోట పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటర్వెల్లో కుర్రాడు తెచ్చిన సమోసాలు ఎవరూ ముట్టలేదు. మొదట్లో ఈలలేసిన కుర్రాడు రెండో సగంలో చప్పుడు చెయ్యలేదు.

తిరుగు ప్రయాణం పాటుతో. ఏకాదశి వెన్నెల్లో నది దానంతట అదే దిగువకి తీసుకుపోతోంది. ఇంజను తగ్గించాడు బాబాయి. అప్పుడు పిన్ని అంది: “సినిమాలో పిల్లోడు తిరిగొచ్చాడు. అందుకే సినిమా తీశారు. రానోళ్ళ మీద ఎవరు తీస్తార్రా?”

మామ్మ ఏమీ అనలేదు. రాని కొడుకు తల్లి కదా.

చుక్కాని ఎవరిది?

ఆదివారం తెల్లవారుజామున, పోటు నిండే వేళకి వశిష్ఠ మొగ దగ్గరికొచ్చాం. బాబాయి చుక్కాని వదిలేసి వచ్చి నా పక్కన ముందు బల్ల మీద కూర్చున్నాడు. కుర్రాడు తెల్లబోయి చూశాడు. ఇంతకు ముందు వాడు ఎన్నోసార్లు పడవ నడిపాడు, మొగ మాత్రం ఎప్పుడూ తండ్రే దాటించేవాడు.

“చూసుకో” అన్నాడు బాబాయి. అంతే. ఒక్క మాట.

వాడు ఫోను చెల్లెలి చేతికిచ్చాడు. లేచి నిలబడి నీళ్ళ కేసి చూశాడు. ఎంతసేపు చూశాడంటే నాకు భయం వేసింది. ఒక కెరటం పోనిచ్చాడు, ఇంకోటి పోనిచ్చాడు, మూడోది విరిగాక ఇంజను పెంచాడు. ఎడమ పక్క తెల్లటి నురుగు, కుడి పక్క తెల్లటి నురుగు, మధ్యలో పడవంత వెడల్పున నల్లటి దారి. పడవ ఒకసారి పక్కకి వొరిగింది. బాబాయి చెయ్యి బల్ల అంచుని బిగించి పట్టుకుంది గానీ మనిషి వెనక్కి తిరగలేదు. దాటేశాం! చెల్లాయి చప్పట్లు కొట్టింది. వాడి మొహం చూడాలి... ఏ హీరో ఎంట్రీ సీనులోనూ అంత వెలుగు నేను చూడలేదు.

మొగకి పుస్తకం లేదు, పటం లేదు. తీరం ఏటా మారిపోతుంటే దాని ఆనవాలు తండ్రి కంట్లోంచి కొడుకు కంట్లోకి వెళ్ళాల్సిందే. మధ్యలో ఒక్క తరం వేరావల్ వెళ్ళిపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఇసక మూయకపోయినా సరే.

కాకినాడ చేరాక కుర్రాడు ఒడ్డున నిలబడి ఫోను చేశాడు. “ఈ ఏడుకి రానన్నా” అన్నాడు. వచ్చే ఏడు సంగతి చెప్పలేదు. అప్పు అలాగే ఉంది, డీజిలు ధర అలాగే ఉంది, జూన్ దాకా నిషేధం రోజులు ఎలా గడుస్తాయో ఎవరికీ తెలియదు. సినిమాలో అయితే ఇక్కడ శుభం కార్డు వేసేవారు. వీళ్ళు వల విప్పి చిరుగులు చూసుకోవడం మొదలుపెట్టారు. పడవ కొంటానన్నవాడు మాత్రం ఇంకోచోట చూసుకోవలసిందే!

మీరూ అంతర్వేది వెళ్ళండి. బస్సులో వెళ్ళినా ఫరవాలేదు. రాజోలు దాకా వెళ్ళి అక్కణ్ణుంచి పోవచ్చు. నరసాపురం వైపు నుంచి అయితే పంటెక్కి సఖినేటిపల్లి దిగాలి. మాఘమాసంలో అయితే పండగా, చల్లగాలీ రెండూ దక్కుతాయి. గుడి చూశాక అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడవండి. పోటు నిండే వేళకి మొగలోంచి బయటికి పోయే పడవలు కనిపిస్తాయి. చుక్కాని దగ్గర నిలబడినవాడి వయసెంతో చూడండి. ఇరవై, ఇరవై రెండు ఉంటే ఒక్క ఈల వెయ్యండి. మన హీరోలకి వేస్తాం కదా, వాడికి వేస్తే తప్పేముంది?